పాట నుంచి టెండరు దాకా: దిగువ కృష్ణా డెల్టాలో సీల్డు టెండర్ల తయారీ – భాషాచారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం

ప్రభుత్వ నిర్మాణ పనులకు సీల్డు టెండర్లు వేసే పద్ధతిని ఆర్థిక, పరిపాలనా చరిత్రలో భాగంగా చూడటం పరిపాటి. టెండరు తయారీని, అంటే అంచనా చదవడం, ధర కట్టడం, శాతం రాయడం, కవరు మూయడం అనే పనులను భాష వైపు నుంచి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం. గుత్త, పాట, వేలం, టెండరు అనే మాటల చరిత్రను కృష్ణా డెల్టా దిగువ ప్రాంతంలోని పనుల స్వభావంతో కలిపి పరిశీలించాను. తెలుగు నోటిమాట నుంచి ఇంగ్లీషు రాతకు జరిగిన మార్పు చిన్న గుత్తేదారును రాయసకాడి మీద ఆధారపడేలా చేసిందని, కవరులోని గోప్యత మొదట సడలింది అక్కడేనని ఇందులో ప్రతిపాదిస్తున్నాను.

కీలక పదాలు: గుత్త, పాట, సర్కారువారి పాట, సీల్డు టెండరు, లీడు, ధరావతు, రాయసకాడు, పెదపారుపూడి, కృష్ణా డెల్టా.

1. ఉపోద్ఘాతం

కృష్ణా తూర్పు డెల్టాలో ఏటా ఎండాకాలంలో కాలువలు కట్టేస్తారు. ఆ నాలుగు వారాలో, ఆరు వారాలో పొడిగా ఉన్న కాలువలోనే పూడిక తీయాలి, గుర్రపుడెక్క, తూటికాడ తొలగించాలి, తూములు బాగుచేయాలి, గట్లు కట్టాలి. మళ్లీ నీరు వదిలేనాటికి పని అయిపోవాలి. అవకపోతే నారుమడి ఆగుతుంది. అయిందని కాగితం మీద రాసి నీరు వదిలితే, లోపల పని జరిగిందో లేదో చూసే దారి ఉండదు. విజయవాడ దగ్గర మొదలై ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువలుగా చీలి పోయే ఈ నీటి మీద బతికే ఊళ్లలో టెండరు అనే మాటకు ఇంత బరువు ఉండటానికి మొదటి కారణం ఈ కొద్ది వారాల గడువే.

గుడివాడకు దగ్గరలోని పెదపారుపూడి అలాంటి ఊరు. మండల కేంద్రం కూడా కావడంతో రోడ్డు, తూము, బడిగది, మురుగుకాలువ వంటి చిన్న పనుల ప్రకటనలు అక్కడి కార్యాలయ గోడల మీద తరచు కనిపిస్తూ వచ్చాయి. ప్రకాశం బ్యారేజీ వంటి పెద్ద పనుల చరిత్రను చాలామంది రాశారు. 1952లో పాత ఆనకట్టకు గండి పడటం, 1954–57 మధ్య బ్యారేజీ కట్టడం అందరికీ తెలిసినవే. ఈ వ్యాసం వాటి జోలికి పోదు. మేస్త్రీగా మొదలై అయిదో క్లాసు కంట్రాక్టరుగా పేరు నమోదు చేసుకున్న మనిషి ఒక రాత్రి దీపం ముందు కూర్చుని కవరు మూసేదాకా ఏం చేసేవాడు, ఏ భాషలో చేసేవాడు అన్నదే ఇక్కడి ప్రశ్న.

2. గుత్త, పాట, వేలం

‘గుత్త’ పాత మాట. ఒక ఆదాయాన్నో పనినో మొత్తంగా ఇంతకని ఒప్పుకోవడం గుత్త. కన్నడంలో ‘గుత్తిగె’ దీనికి చుట్టమే. అక్కడ కంట్రాక్టరు ఇప్పటికీ గుత్తిగెదారుడే. తెలుగులో ‘గుత్తేదారు’ కొంతకాలం వెనకబడి, పత్రికల ద్వారా మళ్లీ వాడుకలోకి వచ్చింది. ‘ఈనాడు’ వార్తల్లో కంట్రాక్టరుకు బదులు గుత్తేదారు అని రాయడం పాఠకులు గమనించే ఉంటారు. ఆ పత్రికను 1974లో స్థాపించిన రామోజీరావు పుట్టిన ఊరు పెదపారుపూడి కావడం యాదృచ్ఛికమే గాని, ఈ వ్యాసానికి అచ్చివచ్చిన యాదృచ్ఛికం.

గుత్తను ఎవరికి ఇవ్వాలో తేల్చే పాత పద్ధతి పాట. చేపల చెరువు, సంత, రేవు, సారా దుకాణం అన్నీ పాటలోనే పోయేవి. ‘చెరువు పాడుకున్నాడు’, ‘రేవు పాట ఎవరికి పోయింది’ అనే మాటలు దివిసీమలోనూ కొల్లేటి అంచున ఉన్న ఊళ్లలోనూ నేటికీ వినిపిస్తాయి. వేలం అనే మాట పోర్చుగీసు ‘లెయిలావ్’ నుంచి వచ్చిందని భాషావేత్తలు చెబుతారు. తీరం మీది వర్తకుల మాట లోపలి ఊళ్లకు వచ్చి ‘పాట’తో కలిసి ‘వేలంపాట’ అయింది. ఒక మాట పరాయిది, ఒకటి మనది. రెండూ గొంతుకు సంబంధించినవే. పాట మొదలయ్యేది ‘సర్కారువారి పాట’తో. ప్రభుత్వం తన తొలి ధరను అందరూ వినేలా చెబుతుంది. ఆపైన ఎవరు ఎంత అన్నారో, ఎవరు ఎక్కడ ఆగారో, ఎవరి గొంతు తడబడిందో రావిచెట్టు కింద కూర్చున్నవాళ్లందరికీ తెలుస్తుంది. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అనేవరకు చదువుతో పని లేదు. అంకె తెలిస్తే చాలు.

నిర్మాణ పనులన్నీ పూర్వం పాటలోనే ఇచ్చేవారని చెప్పడం నా ఉద్దేశం కాదు. చెరువు, కాలువ మరమ్మతుల్లో చాలా భాగం కుడిమరామత్తు కింద రైతుల శ్రమతోనే సాగేది. ఆ ఆచారానికి మద్రాసు ప్రభుత్వం 1858లో నిర్బంధ శ్రమ చట్టం చేసి చట్టబలం ఇచ్చింది. నేను చెప్పేదల్లా ఇది: పోటీ ధర అనే ఊహ ఈ ప్రాంతపు జనానికి చెవి ద్వారా అలవాటైంది. చీటీపాటలో తగ్గింపు చెప్పి పాడుకోవడం తెలిసినవాడికి ‘అంచనా కంటే ఇంత తక్కువ’ అనే టెండరు లెక్క కొత్త కాదు. నోరు మూసుకుని కాగితం మీద రాయమనడం మాత్రమే కొత్త.

3. కూలి నుంచి కంట్రాక్టుకు

1832–33 నాటి డొక్కల కరువు గుంటూరు సీమను ఊడ్చిపెట్టిన తరువాత కృష్ణ మీద ఆనకట్ట ఆలోచన గట్టిపడింది. గోదావరి మీద ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం పనిని 1847లో మొదలుపెట్టి 1852లో ముగించాడు. అదే ఏడు బెజవాడలో పని మొదలై 1855కు పూర్తయింది. దాన్ని నడిపినవాడు కెప్టెన్ ఓర్. ధవళేశ్వరం పనుల్లో వేలాది కూలీలను సమకూర్చిన వీణం వీరన్న పేరు గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ గౌరవంగా తలుస్తారు. ఆ తరం పనుల్లో ఇంజనీరు, కూలి, వారిద్దరి మధ్య వీరన్న వంటి ఒక నమ్మకస్తుడు ఉండేవాళ్లు. మాట తెలుగులో నడిచేది. లెక్క మాత్రం ఇంగ్లీషులో ఉండేది.

ఆనకట్ట కట్టడం ఒక్కసారి చేసే పని. దాని కింద వందల మైళ్ల కాలువలను నిలబెట్టుకోవడం ఏటేటా చేయవలసిన పని. డల్హౌసీ కాలంలో, 1850లలో రూపుదిద్దుకున్న పబ్లిక్ వర్క్స్ శాఖ క్రమంగా కోడ్లు, ఫారాలు, ఒప్పందపత్రాలు తయారుచేసుకుంది. మద్రాసు శాఖ నియమాలే ఆంధ్ర రాష్ట్రానికి, తరువాత ఆంధ్రప్రదేశ్‌కు వారసత్వంగా వచ్చాయి. ‘కె–2 అగ్రిమెంటు’, ‘డి కోడు’, ‘ఎం బుక్కు’ అని మన ఇంజనీర్లు నేటికీ పలికే మాటలు ఆ వారసత్వపు ఆనవాళ్లు. ఆ నియమాల సారం ఒక విచిత్రమైన జోడింపు: పిలుపు ఎంత బహిరంగంగా ఉండాలో జవాబు అంత రహస్యంగా ఉండాలి. ప్రకటన అందరూ చదవాలి. కవరు గడియదాకా ఎవరూ విప్పకూడదు. పాటలో పక్కవాడి ధర విని దానికి కాస్త మీద చెప్పవచ్చు. బెదిరిస్తే ఆగిపోవనూ వచ్చు. కవరులో అదేమీ కుదరదు కాబట్టి ప్రతివాడూ తన నిజమైన ధరే రాస్తాడని నియమం రాసినవాళ్ల నమ్మకం.

ధరావతు అనే మాటను ఇక్కడే వివరించుకోవాలి. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం ప్రకారం టెండరు వేయడం ఒక ప్రతిపాదన. అంగీకారం తెలియజేసేలోగా దాన్ని వెనక్కి తీసుకోవచ్చు. అలా తీసుకోకుండా పట్టి ఉంచేది ధరావతు. కాగితం మీది మాట నిలుస్తుందో లేదో అనే అనుమానానికి ప్రభుత్వం కట్టించుకునే తాకట్టు అది. పాటలో నలుగురి ముందు అన్న మాట తప్పితే పరువు పోయేది. కవరులోని మాటకు నలుగురు సాక్షులు లేరు కాబట్టి డబ్బు సాక్షి అయింది.

4. రాయి లేని నేల

కవరులో రాసే అంకె ఎలా పుడుతుందో తెలియాలంటే డెల్టా నేలను చూడాలి. పెదపారుపూడి, గుడివాడ, బందరు, అవనిగడ్డ ప్రాంతాల్లో రాయి లేదు. ఎంత తవ్వినా నల్లరేగడి, ఒండ్రు, తీరానికి పోయేకొద్దీ ఉప్పునేల. ఇటుక ఇక్కడే కాల్చుకోవచ్చు. కంకర, గ్రావెలు మాత్రం విజయవాడ చుట్టుపక్కల కొండల నుంచి రావాలి. ఒకప్పుడు ఇది కాలువల మీద పడవల్లో దిగివచ్చేది. ఇంజనీరు కట్టించిన కాలువే తన మరమ్మతుకు కావలసిన సరుకును మోసుకొచ్చేది. లారీలు వచ్చాక పడవలు పోయాయి. ఇసుక మాత్రం దగ్గర. తోట్లవల్లూరు, రొయ్యూరు వైపు కృష్ణ ఒడ్డు నుంచి వస్తుంది.

అందువల్ల ఇక్కడి అంచనాల్లో అన్నిటికంటే బరువైన మాట ‘లీడు’. సరుకు దొరికే చోటు నుంచి పని జరిగే చోటికి ఉన్న దూరమే లీడు. ప్రభుత్వ ఇంజనీరు ప్రామాణిక ధరల పట్టికను తీసుకుంటాడు. దాన్ని ఎస్సెస్సార్ అంటారు. ఆ ధరకు లీడు, ఎత్తుకు ఎక్కించే లిఫ్టు, సీనరేజి కలిపి ఒక్కో ఐటముకు రేటు కడతాడు. ఏ క్వారీ నుంచి ఎన్ని కిలోమీటర్లో చూపే లీడు స్టేట్‌మెంటు అంచనాతో జతపడి ఉంటుంది. అనుభవం ఉన్న గుత్తేదారు అంచనాలో మొదట వెతికేది దాన్నే. అంచనాలో చూపిన క్వారీ దూరమైనదై, తనకు దగ్గరలో బాకీ మీద సరుకు ఇచ్చే క్వారీ ఉంటే ఆ తేడా తన లాభం. అంచనాలో దగ్గరి క్వారీ చూపి, అక్కడ సరుకు దొరకకపోతే ఆ తేడా తన నష్టం. కవరులో పడే శాతమంతా ఈ కొద్ది కిలోమీటర్ల చుట్టూ తిరుగుతుంది.

రెండో లెక్క నీళ్లది. కాంక్రీటును తడపడానికి మంచినీళ్లు కావాలి. నాగాయలంక, కోడూరు ప్రాంతాల్లో భూగర్భజలం ఉప్పన. కాలువ నీళ్లే ఆధారం. పని జరగవలసింది మాత్రం కాలువ కట్టేసిన నెలల్లో! ట్యాంకరు ఖర్చు అంచనాలో కనిపించదు. అది తెలియక తక్కువకు రాసినవాడు మే నెలలో తెలుసుకుంటాడు. నల్లరేగడి మీద రోడ్డు వేస్తే వానకు ఉబ్బి ఎండకు పగులుతుందనే సంగతి కూడా అంతే. అంచనా వేసే యువ ఇంజనీరుకు అది పుస్తకంలో ఉంటుంది. స్థానిక మేస్త్రీకి కాలి కింద ఉంటుంది. టెండరు తయారీలో నిజమైన జ్ఞానమంతా తెలుగులోనే ఉంది, నోటిలోనే ఉంది. మేస్త్రీ, లారీ డ్రైవరు, ఇటుకబట్టీ యజమాని, కాలువ మీది లస్కరు పంచుకునే జ్ఞానం అది. దాన్ని ఫారంలోకి ఎక్కించే చోటే చిక్కు వస్తుంది.

5. కవరు తయారీ

ఫారం ఎలా నిండేదో క్రమంగా చూద్దాం. ప్రకటన వెలువడ్డాక డివిజన్ కార్యాలయంలో డబ్బు కట్టి టెండరు షెడ్యూలు కొనాలి. అందులో పని వివరాలు, పరిమాణాల పట్టిక, షరతులు ఉంటాయి. ధరావతుకు బ్యాంకు డిమాండ్ డ్రాఫ్టు తీయాలి. ఇటీవలి నియమాల్లో సాధారణంగా టెండరుతో ఒక శాతం, ఒప్పందం నాడు మరో ఒకటిన్నర శాతం కట్టవలసి ఉంటుంది. రిజిస్ట్రేషన్ పత్రం, పన్నుల పత్రాలు, చేతిలో ఉన్న యంత్రాల జాబితా, గతంలో చేసిన పనుల ధ్రువపత్రాలు జతచేయాలి. పెద్ద పనులకు సామర్థ్యపు లెక్క కూడా ఉంటుంది. ఇటీవలి ఏళ్లలో ఒక్క ఏడాదిలో చేసిన అత్యధిక పని విలువను పని గడువు ఏళ్లతో హెచ్చించి, రెట్టింపు చేసి, చేతిలో ఉన్న పనులను తీసివేస్తే మిగిలేదే అతని సత్తా. దీన్ని ‘టూ ఏ ఎన్ మైనస్ బీ’ అని చిన్న గుత్తేదారులు సైతం మంత్రంలా వల్లిస్తారు.

అర్హత పత్రాలు ఒక కవరులో, ధర ఇంకో కవరులో. రెండూ కలిపి పెద్ద కవరులో పెట్టి, అంచుల మీద లక్క కరిగించి ముద్ర వేయాలి. పైన పని పేరు, టెండరు నంబరు, తెరిచే తేదీ రాయాలి. గడియ దాటితే పెట్టె మూసేస్తారు. కాసేపటికే వచ్చినవాళ్ల ఎదుట విప్పుతారు. కొట్టివేతలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, ఒక్కోదానికి నంబరు వేసి అధికారి పొడి సంతకం చేస్తాడు. అంకెల్లో ఒకటి, అక్షరాల్లో ఒకటి ఉంటే అక్షరాల్లో రాసిందే చెల్లుతుంది. ఆ తరువాత అన్ని ధరలను పక్కపక్కన వేసి కంపారిటివ్ స్టేట్‌మెంటు రాస్తారు.

ఐటము వారీ ధరల పద్ధతి చిన్న పనుల్లో తగ్గి, శాతం పద్ధతి వచ్చాక ధర కవరులో నింపవలసిన ఖాళీ ఒక్కటే మిగిలింది: అంచనా మీద ఇంత శాతం ఎక్కువ, లేదా ఇంత శాతం తక్కువ. పది లక్షల అంచనాకు నాలుగున్నర శాతం తక్కువ అంటే 9,55,000 రూపాయలు. ఆంధ్రప్రదేశ్ నియమాల్లో అంచనాకు 5 శాతం మించి ఎక్కువ రాస్తే చెల్లదు. 25 శాతం కంటే తక్కువకు దిగితే, రాసిన ధరకూ అంచనాలో 75 శాతానికీ ఉన్న తేడాను అదనపు ధరావతుగా కట్టాలి. అదే పనికి 30 శాతం తక్కువ రాసినవాడు ఏడు లక్షలకు ఒప్పుకున్నట్టు. ఏడున్నర లక్షలకు తగ్గిన యాభై వేలు ముందే కట్టాలి. ఒక విధంగా అంచనా అనేది మళ్లీ సర్కారువారి పాటే. పాడేవాడి గొంతు ఎంత పైకి పోవచ్చో, ఎంత కిందికి దిగవచ్చో ముందే గీత గీసిన పాట.

6. ఇంగ్లీషు షరతులు, తెలుగు సంతకం

శాతం రాసే వాక్యంలో ఎక్కువ, తక్కువ అనే రెండు మాటలూ అచ్చయి ఉంటాయి. అక్కర్లేనిదాన్ని కొట్టివేయాలి. రెండూ ఇంగ్లీషు మాటలే.

మా తాతగారు తాపీమేస్త్రీ. 1980ల తొలినాళ్లలో మురుగుకాలువ మీద ఒక కల్వర్టు పనికి టెండరు వేశారు. అంచనా 40,000 రూపాయలు. రాయి దూరం నుంచి రావాలి కనుక ఆరు శాతం ఎక్కువ వేయాలని ఆయన లెక్క. ఫారం నింపింది ఊళ్లో ఇంగ్లీషు వచ్చిన ఒక పెద్దమనిషి. కొట్టివేయవలసిన మాట ఒకటైతే కొట్టింది ఇంకొకటి. 42,400 అనుకున్న పని 37,600కు ఖాయమైంది. తేడా 4,800 రూపాయలు. పని వద్దంటే ధరావతు పోతుంది, పేరు నల్లజాబితాకెక్కుతుందన్న భయం వేరే. తాతగారు పని పూర్తిచేశారు. ఆ ఏటి మినుముల డబ్బు దానికి పోయింది. ఆయన దాన్ని మోసమని ఎన్నడూ అనలేదు. ‘నా నోట్లో ఉన్నది వాడి చేతిలోకి రాలేదు’ అని మాత్రం అనేవారు. భాషాశాస్త్రం చదివాక గాని ఆ మాట లోతు నాకు అందలేదు.

ఇలాంటిది ఒక ఇంటి కథే కావచ్చు. కాని ఫారం అడిగేది అందరినీ ఒకటే. షరతులన్నీ చదివి అర్థం చేసుకున్నానని ప్రతి టెండరుదారుడూ ప్రకటించి సంతకం చేయాలి. గవర్నరు పేరు మీద ఒప్పందం జరగాలని రాజ్యాంగం 299వ అధికరణం చెబుతుంది. ఒకవైపు గవర్నరు, ఇంకొకవైపు వేలిముద్ర లేదా కూడబలుక్కుని చేసిన తెలుగు సంతకం. నడుమ ఇరవై ముప్పై పుటల ఇంగ్లీషు. గడువే ఒప్పందానికి ప్రాణం అనే నిబంధన, ఆలస్యానికి నష్టపరిహారం కోత, అదనపు పనికి ముందస్తు అనుమతి, ధరలు పెరిగినా రేటు మారదనే షరతు – ఇవన్నీ పని మధ్యలో బిల్లు కోత పడినప్పుడే గుత్తేదారుకు తెలుగులో వినబడతాయి.

1966లో ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం వచ్చింది. 1974లో వావిలాల గోపాలకృష్ణయ్య అధ్యక్షుడుగా అధికార భాషా సంఘం ఏర్పడింది. కార్యాలయ పదకోశాలు వచ్చాయి. ఉత్తర్వులు, అర్జీలు, పంచాయతీ తీర్మానాలు కొంతవరకు తెలుగులోకి మారాయి. టెండరు పత్రం మాత్రం దాదాపు అంటరాకుండా మిగిలింది. ప్రకటన తెలుగు పత్రికలో తెలుగులో వస్తుంది, షెడ్యూలు ఇంగ్లీషులో ఉంటుంది. పిలుపు మన భాషలో, కట్టుబాటు పరభాషలో. తమిళులు టెండరుకు ‘ఒప్పందప్పుళ్ళి’ అనే మాట కల్పించుకున్నారు. హిందీలో ‘నివిదా’ ఉంది. మనం టెండరునే ఉంచుకున్నాం. ఇందులో తప్పేమీ లేదు. పెదపారుపూడి రైతుకు టెండరు అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. మాట తెలుగైపోయింది, షరతు కాలేదు. మన పదకోశ నిర్మాతల శ్రద్ధ పేర్లకు తెలుగు వెతకడం మీద పెట్టినంతగా, సంతకం కింద ఉన్న వాక్యాల మీద పెట్టలేదని నా అభిప్రాయం.

ఈ ఖాళీలోకి వచ్చినవాడే రాయసకాడు. రిటైరైన గుమాస్తా, బడిపంతులు, దస్తావేజు లేఖరి, కొన్నిచోట్ల కార్యాలయంలో పనిచేసేవాడే సాయంత్రం వేళ ఇంటి దగ్గర. అతడు పది మంది గుత్తేదారులకు ఫారాలు నింపుతాడు. కనుక పది మంది శాతాలూ అతడికి తెలుసు. చట్టం దృష్టిలో కవరు లక్క పడ్డాక రహస్యం. వాస్తవంలో లక్క కరగకముందే ఆ అంకె ఇంకొకరి కలం మీదుగా నడిచింది. సీల్డు టెండరు చరిత్ర రాసేవారు పెట్టె దగ్గర జరిగిన గలాటాలను ఎక్కువగా చూస్తారు. చిన్న పనుల విషయంలో చూడవలసింది పెట్టె కంటే ముందున్న ఆ బల్లనే.

7. పెట్టె చుట్టూ

పెట్టె దగ్గర గలాటాలు జరగలేదని కాదు. షెడ్యూళ్లు అయిపోయాయని చెప్పి బయటివారికి అమ్మకపోవడం, పెట్టె దాకా రానీయకపోవడం రాష్ట్రమంతటా విన్నవే. 2003లో ఎలక్ట్రానిక్ పద్ధతి తేవడానికి చెప్పిన కారణాల్లో అవీ ఉన్నాయి. గుత్తేదారులు ముందే ఒక మాట మీదికి రావడాన్ని మన పత్రికలు ‘రింగు’ అన్నాయి. ‘రింగయ్యారు’ అని ఇంగ్లీషు నామవాచకానికి తెలుగు క్రియ తగిలించి కొత్త మాట పుట్టించారు. పక్కకు తప్పుకున్నవారికి ఇచ్చేది ‘గుడ్‌విల్’. లెక్క కోసం వేసే టెండరు ‘డమ్మీ’. గమనించవలసింది ఒకటుంది: రింగు అనేది మళ్లీ పాటే. కవరులో రాయవలసిన అంకెను ముందురోజు రాత్రి ఒక లాడ్జిలోనో తోటలోనో నోటితో పాడుకోవడం. ప్రభుత్వం రావిచెట్టు కింద నుంచి తీసేసిన గొంతు చాటుకు పోయింది. ఊరందరూ వినే పాట కాస్తా కొందరే వినే పాట అయింది. 2002 నాటి పోటీ చట్టం ఇలాంటి కుమ్మక్కును నిషేధించింది. మండల స్థాయి కల్వర్టు దాకా ఆ చట్టం చేయి చాచిన సందర్భాలు అరుదు.

టెండరు లేకుండా పని ఇచ్చే దారి ఎప్పుడూ పక్కనే ఉంది. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టి వేలమందిని పొట్టన పెట్టుకున్న తరువాత వారాల తరబడి ప్రకటనలకు ఎదురుచూసే స్థితి లేదు. అత్యవసరం అన్న మాట వచ్చినప్పుడు గడువు కుదించడం, నామినేషన్ మీద ఇవ్వడం నియమాల్లోనే ఉన్న వెసులుబాటు. 1997లో రైతుల చేత నీటిపారుదల నిర్వహణ చట్టం వచ్చి నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాక పూడికతీత వంటి చిన్న పనులు కొన్ని సంఘాల చేతికి వెళ్లాయి. కుడిమరామత్తు తిరిగి వచ్చిందని కొందరు సంతోషించారు. కొన్ని ఊళ్లలో సంఘ అధ్యక్షుడే గుత్తేదారు అయ్యాడని ఇంకొందరు నవ్వారు. రెండూ నిజమే. ఆయకట్టు రైతు తన కాలువ పనిని కళ్లారా చూస్తాడు కనుక, టెండరు కంటే ఆ పద్ధతిలోనే దొంగలెక్కకు జంకు ఎక్కువ అని నేను అనుకుంటాను.

8. కవరు పోయాక

2003లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ–ప్రొక్యూర్‌మెంట్ వేదికను ప్రారంభించింది. దేశంలో ఈ బాట పట్టిన తొలి రాష్ట్రాల్లో ఇది ఒకటి. షెడ్యూలు ఎవరైనా ఎక్కడి నుంచైనా దింపుకోవచ్చు. ధర గుప్తలిపిలోకి మారి, నిర్ణీత గడియకు అధికారి తాళంతో గాని తెరుచుకోదు. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం గుర్తించిన డిజిటల్ సంతకం లక్కముద్ర స్థానంలోకి వచ్చింది. పెట్టె పోయింది, పెట్టె దగ్గర కాపలా ఉండే మనుషులూ పోయారు. చిన్న విజయం కాదది.

2019లో వచ్చిన మార్పు ఈ వ్యాస దృష్టితో మరీ ఆసక్తికరం. ధర కవరు తెరిచాక తక్కువ ధరను అందరికీ చూపి, ఇంకా ఎవరైనా తగ్గుతారా అని అడిగే రివర్స్ టెండరింగును ప్రభుత్వం తెచ్చింది. పోలవరం పనులతో అది పత్రికలకెక్కింది. అదే ఏడాది నూరు కోట్లు దాటిన పనుల టెండరు పత్రాలను న్యాయమూర్తి ముందుగా చూసే చట్టమూ వచ్చింది. 2024లో ప్రభుత్వం మారాక రెంటినీ పక్కనబెట్టారు. రాజకీయ వాదాలు ఎలా ఉన్నా, రివర్స్ టెండరింగు అంటే తలకిందులైన వేలంపాటే. సీలు వేసిన కవరు నుంచి నూట యాభై ఏళ్ల తరువాత ప్రభుత్వం మళ్లీ పాట దగ్గరికే వచ్చింది. ఒకటోసారి, రెండోసారి అనే గొంతు మాత్రం లేదు. తెర మీద అంకె మారుతుంది, అంతే.

మా ప్రాంతపు చిన్న గుత్తేదారులకు ఈ మార్పుల్లో ఏది ఎంత అందింది? గుడివాడ, ఉయ్యూరు పరిసరాల్లో కొందరితో మాట్లాడాను. వేదిక మీది భాష ఇంగ్లీషే. పత్రాలు స్కాన్ చేసి ఎక్కించడం, ధరావతు ఆన్‌లైన్‌లో కట్టడం, శాతం గడిలో అంకె నింపడం వారిలో చాలామంది తాముగా చేయరు. పట్నంలో కంప్యూటరు సెంటరు ఉంటుంది. అక్కడి కుర్రవాడు చేస్తాడు. చదువుకున్నవాడు, మర్యాదస్తుడు, రేటు న్యాయంగానే తీసుకుంటాడు. డిజిటల్ సంతకం ఉన్న టోకెన్ ప్రతిసారీ తెచ్చుకోవడం మరచిపోతామని చాలామంది అక్కడే వదిలేస్తారు. రహస్యపదం కూడా అతడికే తెలుసు.

నేను వెళ్లిన ఒక సెంటరులో బల్ల సొరుగు లాగి చూపించాడు. లోపల పదిహేనో ఇరవయ్యో టోకెన్లున్నాయి. ఏది ఎవరిదో తెలియడానికి ఒక్కోదానికి తెల్ల కాగితం ముక్క అతికించి, బాల్‌పెన్నుతో పేరు, ఊరు తెలుగులో రాసిపెట్టాడు.